మంచిని కొలుచు కొలత

చదువవలసిన భాగములు: ఆదికాండము 23:1–20, మీకా 6:6–8, లూకా 10:25–37, రోమీయులకు 2:12–16.

పాఠ్యోద్దేశము: ఒక కార్యము మంచిదని గాని చెడ్డదని గాని మనము దేనినిబట్టి తీర్పు తీర్చుచున్నాము? నీతిశాస్త్రజ్ఞులు ఇచ్చిన ముఖ్యమైన సమాధానములను బస్తర్ ప్రాంతపు అనుభవముల వెలుగులో పరిశీలించి, దేవుని వాక్యము మనయొద్ద కోరునదేదో తెలిసికొనుట.

ఉపోద్ఘాతము

2025వ సంవత్సరము జనవరి 7వ తేదీన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని బస్తర్ జిల్లాలో ఒక వృద్ధ దైవసేవకుడు మరణించెను. ఆయన స్వగ్రామము దర్భా ప్రాంతములోని ఛింద్‌వాడా. అంతకు పూర్వము ఆ కుటుంబమువారు కొందరు ఆ గ్రామపు నేలలోనే పాతిపెట్టబడియుండిరి. తండ్రిని అక్కడనే సమాధి చేయవలెనని కుమారుడు కోరెను. క్రైస్తవునికి ఈ నేలలో చోటు లేదని గ్రామస్థులు అడ్డగించిరి. మా సొంత పొలములోనైనను పాతిపెట్టుకొందుమని కుటుంబమువారు వేడుకొనిరి. దానికిని సమ్మతి దొరకలేదు. హైకోర్టు అనుమతి నిరాకరించెను. పిమ్మట సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ వివాదమును విని, జనవరి 27వ తేదీన తీర్పు చెప్పిరి. కాని వారిద్దరి తీర్పులు ఏకము కాలేదు. సొంత భూమిలో సమాధి చేసికొననియ్యవలెనని న్యాయమూర్తి నాగరత్నగారు చెప్పిరి. సమాధి స్థలమును ఎవరికి వారు ఎన్నుకొను హక్కు లేదనియు, ప్రజాశాంతిని కాపాడుటకై నియమిత స్థలములోనే పాతిపెట్టవలెననియు న్యాయమూర్తి శర్మగారు చెప్పిరి. అప్పటికి మృతదేహము శవాగారములో ఇరువది దినములుగా ఉన్నది. ఇంకను పెద్ద ధర్మాసనమునకు పంపుట తగదని తలంచి, ఆ గ్రామమునకు సుమారు 20 మొదలు 25 కిలోమీటర్ల దూరమున కర్కాపాల్‌లోనున్న క్రైస్తవ శ్మశానములో పాతిపెట్టవలసినదని ఇద్దరును కలిసి ఆజ్ఞాపించిరి.

ప్రియ చదువరీ, ఈ సంగతి వినగానే నీ హృదయములో ఒక తీర్పు పుట్టియుండును. అది ఏ తీర్పైనను, దానిని ఒక్క క్షణము ప్రక్కనుంచి, ఆ తీర్పు దేనిమీద నిలిచియున్నదో చూడుము. గ్రామస్థులు ఆచారమును చూపిరి. ప్రభుత్వము రాబోవు ఫలితమును చూపెను. కుటుంబము హక్కును చూపెను. విద్యావంతులైన ఇద్దరు న్యాయమూర్తులు ఒకే రాజ్యాంగమును చదివి వేర్వేరు మాటలు చెప్పిరి. కాబట్టి మంచిని కొలుచుటకు కొలత యేది అను ప్రశ్న పండితుల కాలక్షేపము కాదు. ఒక శవము పాతిపెట్టబడుటయు మానుటయు దానిమీద ఆధారపడియుండెను.

1. ఆచారమే నీతియా?

బస్తర్ మనకు పరదేశము కాదు. ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు అక్కడ రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. శబరీ తీరమున కుంట మొదలుకొని ఇంద్రావతీ ప్రాంతమున భోపాలపట్నము వరకు తెలుగు వినబడుచునే యుండును. ఆ అడవులలోని మారియా గోండుల భాష మన భాషకు జ్ఞాతి.

ఆ మారియాలను గూర్చి 1943లో ఒక గ్రంథము వెలువడెను. దానిని వ్రాసినవాడు వెరియర్ ఎల్విన్. ఆయన 1927లో క్రైస్తవ సేవకై ఇంగ్లాండు నుండి మన దేశమునకు వచ్చి, తరువాత సంఘమును విడిచి, గిరిజనుల మధ్య నివసించిన పండితుడు. ఆయన మారియాలలో జరిగిన నూరు హత్యల న్యాయస్థాన పత్రములను పరిశీలించి, హత్యలకును ఆత్మహత్యలకును గల కారణములను వెదకెను. నిందితుని ఆచారములను, భయములను ఎరుగని న్యాయాధిపతి అతనికి న్యాయము చేయజాలడని ఆ గ్రంథము చదివిన వారికి తోచును. ఇది మనము నేర్చుకొనదగిన సత్యము. తెలియక తీర్పు తీర్చువాడు తప్పు తీర్పు తీర్చును.

అయితే కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఏ జాతి ఆచారము ఆ జాతికి నీతియేయనియు, అందరికిని ఒకే నీతి లేదనియు చెప్పుదురు. దీనికి సాపేక్ష నీతివాదమని పేరు. వినుటకు ఇది వినయముగా కనబడును. కాని పరీక్షించి చూడుడి. ఎల్విన్ చూచిన హత్యలకు కారణములేవి? కలహము, మద్యము, ఈర్ష్య, ఆస్తి తగాదా, మంత్రప్రయోగమను అనుమానము. మన జిల్లా న్యాయస్థానపు పత్రములలో కనబడునవియు ఇవియే గదా! ఆచారములు వేరైనను మానవ హృదయము ఒక్కటే.

మరియొక సంగతి. మనలో చేతబడి, బాణామతి అని అనుమానించినట్లే, ఛత్తీస్‌గఢ్‌లో ఒక స్త్రీని టోనహి అని నిందించి, కొట్టి, వెలివేయుట కలదు. దీనిని నివారించుటకు ఆ రాష్ట్ర ప్రభుత్వము 2005లో ప్రత్యేక చట్టము చేసెను. ఆచారమే నీతియైనచో, ఊరంతయు ఏకమై నిందించిన ఆ స్త్రీ ఎవరికి మొరపెట్టుకొనును? ఊరే న్యాయాధిపతి, ఊరే సాక్షి! 1829లో సతీసహగమనము నిషేధింపబడినప్పుడు, విలియం కేరీగారు ఆ శాసనమును ఆలస్యము చేయక వంగభాషలోనికి తర్జుమా చేసిరి. ఆచారమే తుది కొలత యైనచో, వారు చేసినది తప్పు కావలెను. ఆచారము నీతిని వెల్లడిపరచవచ్చును, దాచివేయవచ్చును. కాని నీతికి అది జన్మస్థానము కాదు.

2. ఫలితమే నీతియా?

రెండవ సమాధానము ఇంగ్లాండు దేశస్థుడైన జెరెమీ బెంథామ్ 1789లో ప్రకటించిన గ్రంథముతో ప్రసిద్ధి పొందెను. పిమ్మట జాన్ స్టూవర్ట్ మిల్ దానిని సంస్కరించెను. ఏ కార్యమువలన ఎక్కువమందికి ఎక్కువ సుఖము, తక్కువ దుఃఖము కలుగునో అదియే మంచి కార్యమని వారి వాదము. దీనికి ప్రయోజనవాదమని పేరు. ఈ వాదములో మెచ్చదగినది కలదు. రాజు సుఖమును, కూలివాని సుఖమును ఒకే తూకమున తూచవలెనని అది పట్టుబట్టెను. చెరసాలల సంస్కరణము, విద్యావ్యాప్తి మొదలగు మేళ్లకు అది తోడ్పడెను. ఆకలిగొనినవానికి అన్నము దొరకెనా లేదా అని అడుగని నీతి వట్టి మాటయని యాకోబు పత్రికయు మనకు బోధించుచున్నది (యాకోబు 2:15–16).

బస్తర్ దక్షిణ భాగమున బైలాడిలా కొండలు కలవు. 1968 నుండి అక్కడ ఇనుప ఖనిజము త్రవ్వబడుచున్నది. కిరండూల్ నుండి కొత్తవలస వరకు కొండలను తొలిచి వేసిన రైలుమార్గమున, అరకు లోయగుండా, ఆ ఖనిజము విశాఖపట్టణము చేరి, అక్కడనుండి ఓడలలో జపాను దేశమునకు వెళ్లెను. విశాఖ ఉక్కు కర్మాగారమునకును బైలాడిలా ఖనిజము చేరినది. మన ఇంటి కప్పులోని ఇనుప కడ్డీలలో ఆ కొండ తునక ఉండవచ్చును. ఎందరికో ఉద్యోగములు కలిగెను, దేశమునకు ధనము వచ్చెను. కాని కొండక్రింద శంఖినీ నది ఖనిజపు మట్టితో ఎఱ్ఱబారెను. ఆ నీటిని నమ్ముకొని బ్రదికిన పల్లెల దుఃఖము ఎవరి లెక్కలో చేరినది?

ఇంకొక ఉదాహరణము. 1970వ దశకములో బస్తర్‌లోని సాల వృక్షముల అడవులను కొట్టివేసి, కాగితపు గుజ్జు కొరకు విదేశీ పైన్ చెట్లు నాటవలెనని ఒక పథకము ఏర్పడెను. కాగితముమీద లెక్క సరిపోయెను. సాలవృక్షము గిరిజనునికి గింజ నిచ్చును, ఆకు నిచ్చును, బంక నిచ్చును. దాని నీడన అతని దేవతలు నివసింతురని అతని నమ్మకము. పైన్ చెట్టు అతనికేమియు ఇయ్యదు. గిరిజనులు ఎదిరించిరి. 1980వ దశకపు ఆరంభమున ఆ పథకము విడువబడెను.

ప్రయోజనవాదపు బలహీనత ఇక్కడ తేటపడుచున్నది. లెక్క వేయువాడెవడు? అతడు ఎవరిని లెక్కించును? లెక్క సరిగానే వేసినను, తొంబదితొమ్మిదిమంది సుఖముకొరకు ఒకనిని నలుగగొట్టుట న్యాయమగునా? ప్రజలందరు నశించుటకంటె ఒక్కడు చచ్చుట మేలని వాదించిన ప్రధాన యాజకుడొకడు సువార్తలో కనబడుచున్నాడు (యోహాను 11:49–50). ఆయన వాదము లెక్కప్రకారము సరియైనదే. ఆ లెక్కయే ప్రభువును సిలువకు పంపెను.

3. విధియే నీతియా?

జర్మనీ దేశపు తత్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ 1785లో ప్రకటించిన గ్రంథములో మరియొక మార్గము చూపెను. ఫలితము మన చేతిలో లేదు, విధి మన చేతిలో నున్నది అని ఆయన తలంపు. ఆయన రెండు పరీక్షలను ముఖ్యముగా చెప్పెను. మొదటిది: నీవు చేయదలచిన దానిని అందరును నియమముగా చేయవలెనని నీవు కోరగలవా? రెండవది: నీవు మనుష్యుని కేవలము పనిముట్టుగా వాడుకొనుచున్నావా, లేక అతడు తనంతట తానే విలువగలవాడని గౌరవించుచున్నావా? దేవుని స్వరూపమందు నరుడు చేయబడెనని నమ్మువారికి ఈ రెండవ పరీక్ష క్రొత్త మాట కాదు.

దీనికి బస్తర్ చరిత్రలో గొప్ప ఉదాహరణము కలదు. మావోయిస్టులను ఎదుర్కొనుటకు 2005లో సల్వాజుడుం అను ఉద్యమము అక్కడ ఆరంభమయ్యెను. ఐదవ తరగతి చదువే అర్హతగా గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనమిచ్చి, తుపాకులిచ్చి, తమ సాటివారిమీదికి పంపిరి. 2011 జూలై 5వ తేదీన సుప్రీంకోర్టు ఈ నియామకములు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనములో న్యాయమూర్తి నిజ్జర్‌గారితో కూర్చుండినవారు మన తెలుగువారైన న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డిగారు. హింసను అణచవలసిన బాధ్యత ప్రభుత్వమునకు ఉన్నదని న్యాయస్థానము ఒప్పుకొనెను. అయినను చదువు చాలని పేద యువకులను ప్రాణాపాయములోనికి నెట్టి ఆ బాధ్యత తీర్చుకొనుట సమానత్వమునకును జీవించు హక్కునకును భంగమని చెప్పెను. మంచి గమ్యము చెడ్డ సాధనమును మంచిదిగా చేయజాలదు.

ఈ మాట రెండువైపుల పదునుగల ఖడ్గము. 2010 ఏప్రిల్ 6వ తేదీన తాడిమెట్ల యొద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించిరి. రాబోవు సమసమాజము కొరకు నేటి మనుష్యుని బలియియ్యవచ్చునను వాదము అక్కడను పనిచేసెను. ఇరుపక్షములవారును భవిష్యత్తు పేరుతో వర్తమానములోని మనుష్యుని సాధనముగా వాడుకొనిరి.

అయితే విధివాదమునకును ఒక చిక్కు కలదు. రాత్రివేళ ఆయుధములతో వచ్చినవారు ఒక గృహస్థుని లేపి, “ఫలానివాడు ఎక్కడ దాగియున్నాడు?” అని అడుగుదురు. నిజము చెప్పుట విధి, పొరుగువాని ప్రాణము కాపాడుటయు విధి. ఏది మానవలెను? ప్రాణము తీయవచ్చినవానితోనైనను అబద్ధమాడరాదని కాంట్ 1797లో వ్రాసిన ఒక వ్యాసములో వాదించెను. ఐగుప్తులోని మంత్రసానులును, యెరికోలోని రాహాబును ఆ మార్గమున నడువలేదు (నిర్గమ 1:15–21, యెహోషువ 2:1–6). స్కాట్లాండు దేశస్థుడైన డబ్ల్యు.డి. రాస్ 1930లో దీనికి ఒక పరిష్కారము సూచించెను. విధులు అనేకములు. అవి ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు, ఆ సందర్భములో ఏది బరువైనదో వివేకముతో నిర్ణయింపవలెను. కాని ఆ వివేకము ఎక్కడనుండి వచ్చును?

4. శీలమే నీతియా?

ఆ ప్రశ్నకు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దములోనే సమాధానము వెదకెను. నేనేమి చేయవలెను అని అడుగుటకు ముందు నేనెట్టివాడను కావలెను అని అడుగవలెనని ఆయన ఉపదేశము. వీణ వాయించుచు వైణికుడగునట్లు, న్యాయమైన పనులు చేయుచు మనుష్యుడు న్యాయవంతుడగును. సద్గుణము అభ్యాసఫలము.

2005 తరువాత బస్తర్‌లోని కల్లోలమునకు తాళలేక వేలాదిమంది గిరిజనులు ఖమ్మము, తూర్పు గోదావరి ప్రాంతముల అడవులలోనికి వలస వచ్చిరి. మనవారు వారిని గుత్తికోయలని పిలిచిరి. మిరపతోటలలో కాయలు కోసి వారు పొట్టపోసికొనిరి. వారిని తక్కువ కూలికి దొరికిన చేతులుగా చూచినవారు కలరు. నీరిచ్చి, మందిచ్చి, వారి పిల్లలకు అక్షరములు నేర్పినవారును కలరు. ఈ రెండవవారు నీతిశాస్త్ర గ్రంథములు చదివి ఆ పని చేయలేదు. చేయి చాచుట వారికి అలవాటు. మంచి సమరయుడును త్రోవప్రక్క నిలిచి సిద్ధాంతములను తర్కింపలేదు, జాలిపడి దగ్గరకు వెళ్లెను. నా పొరుగువాడెవడు అని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు ప్రశ్ననే త్రిప్పి, పొరుగువాడైనదెవడు అని మరల అడిగెను.

కాని శీలమును నేర్పునది సమాజము. సమాజపు ప్రేమ దాని పొలిమేరవరకే పోయి ఆగవచ్చును. ఊరివారిమీద ప్రేమ, పితరులయెడల భక్తి ఇవి సద్గుణములే. బస్తర్‌లోని మారియాలు తమ మృతుల జ్ఞాపకార్థము నిలువురాళ్లను, చెక్కిన స్తంభములను నిలుపుదురు. మృతులను అంతగా గౌరవించు ప్రాంతములో ఒక శవమునకు చోటు లేకపోవుట ఆశ్చర్యము కాదా? ఆ గౌరవము పొలిమేర దాటలేదు.

5. దేవుని ఆజ్ఞయే నీతియా?

దేవుడు ఆజ్ఞాపించినదే మంచి, అంతటితో చాలునని మనలో అనేకులు చెప్పుదుము. ప్లేటో వ్రాసిన యూతిఫ్రో అను సంభాషణములో సోక్రటీసు అడిగిన ప్రశ్న ఇక్కడ ఎదురుపడును. దేవుడు కోరినందువలన అది మంచిదైనదా, లేక మంచిదైనందువలన దేవుడు దానిని కోరెనా? మొదటిదైనచో, దేవుడు క్రూరత్వమును కోరినను అది మంచి కావలెను. రెండవదైనచో, దేవునికి పైగా మరియొక న్యాయము నిలుచును.

క్రైస్తవ బోధకులు దీనికి చెప్పిన సమాధానమిది. మంచి అనునది దేవునికి పైన లేదు, ఆయన ఇష్టానుసారముగా మారునదియు కాదు. అది ఆయన స్వభావమే. అందుచేతనే అబ్రాహాము సొదొమ విషయమై దేవునితోనే న్యాయమును గూర్చి వాదింపగలిగెను (ఆదికాండము 18:23–25). ధర్మశాస్త్రము లేని అన్యజనుల హృదయములలోను ఆ ధర్మపు వ్రాత కలదని పౌలు చెప్పుటకును ఇదియే ఆధారము. మారియాకును మనకును న్యాయముగూర్చి మాటలాడుకొనుటకు ఒక సామాన్య భాష కలదు. అయితే, మనస్సాక్షి మచ్చపడిన అద్దమువంటిది. అది దినదినము వాక్యముచేత తుడువబడవలెను.

6. కొలత మనమీదికే త్రిప్పుకొనుట

కాబట్టి ఈ సిద్ధాంతములను పారవేయవలెనా? వలదు. ఒక్కొక్కటి మనలను అడుగవలసిన ఒక ప్రశ్న అడుగుచున్నది. ఎదుటివాని ఆచారమును గ్రహించితివా? నీ క్రియవలన కలుగు భారమును ఎవరు మోయుదురు? అతని స్థానములో నీవుండినచో దీనిని ఒప్పుకొందువా? ఇట్లు చేయుచు నీవెట్టివాడవగుచున్నావు? న్యాయమును, కనికరమును, వినయమును మీకా ఒకే త్రాటిలో పేనెను. కనికరము లేని న్యాయము కఠినమగును. న్యాయము లేని కనికరము భిక్షమగును. వినయము లేనిచో రెండును గర్వమగును.

ఇప్పుడు ఆదికాండము 23వ అధ్యాయమును తెరువుడి. అబ్రాహాము భార్య చనిపోయెను. అతడు పరవాసి, అడుగు నేలయైనను లేనివాడు. ఆ దేశస్థుల దేవతలు వేరు, అతని దేవుడు వేరు. అయినను అతడు వారియెదుట వంగి, శవమును పాతిపెట్టుటకు చోటు అడిగెను. హేతు కుమారులు తమ సమాధులలో శ్రేష్ఠమైనదానినే ఇయ్యజూపిరి. అతడు పూర్తి వెల తూచి మక్పేలా గుహను కొనెను. విశ్వాసులకు తండ్రియైనవానికి మొదటి భూమి అన్యుల మర్యాదవలన దొరికినది! మన ప్రభువును పరుని సమాధిలోనే ఉంచబడెను.

ఛింద్‌వాడా కుటుంబము వేడుకొనినది అబ్రాహాము వేడుకొనినదే. ఆ గ్రామము హేతు కుమారుల మర్యాద చూపినయెడల వారి ఆచారమునకు కొరత కలిగెడిది కాదని ఈ రచయిత విశ్వాసము. శాంతిభద్రతల లెక్క వేయువారు, కోపించువాని కోపమును లెక్కించి దుఃఖించువాని దుఃఖమును విడిచిపెట్టినచో, ఆ లెక్క తప్పు.

కాని ఇంతటితో పాఠము ముగించినచో మనము పరిసయ్యుల వరుసలో నిలుతుము. మన తెలుగు దేశములో కొన్ని ఊళ్లలో క్రైస్తవుల సమాధులును కులమునుబట్టి విడదీయబడలేదా? ఒకే బల్లయొద్ద రొట్టె విరిచినవారు చనిపోయిన తరువాత ఒకే నేలలో పండుకొనజాలరా? ఆ గ్రామస్థులు మాది ఆచారమనిరి. మనమును ఆ మాటయే చెప్పుచున్నాము. వారికి మోషే లేడు, ప్రవక్తలు లేరు. మనకు ఉన్నారు. ఎక్కువగా ఇయ్యబడినవానియొద్ద ఎక్కువగా అడుగబడును.

కనుక ఈ పాఠము చదివిన పిమ్మట ఒక సాయంకాలము మీ ఊరి సమాధుల తోటకు వెళ్లిరండి. గోడ ఎక్కడ ఉన్నదో, ఎవరెవరు ఏ ప్రక్కన ఉన్నారో చూడండి. అక్కడ కనుగొనినదానిని సంఘపెద్దలయెదుట ప్రేమతో మాటలాడండి. మనము పట్టుకొనిన కొలత యేదో అక్కడ తెలియును.

ఆలోచించి చర్చించుటకు

1. “ఊరంతయు ఒప్పుకొనినది తప్పెట్లగును?” అను మాటకు టోనహి అని నిందింపబడిన స్త్రీ ఏమి జవాబు చెప్పును?
2. మీ గ్రామమునకు మేలు కలిగించిన ఒక పథకమును తలంచుకొనుడి. దాని భారమును మోసినవారెవరు?
3. మంత్రసానులు చేసినది విధిని మీరుటయా, మరి గొప్ప విధిని నెరవేర్చుటయా?
4. మీ ఊరిలో వేరు మతస్థుడొకడు తన మృతునికి చోటు కోరినచో, మీ సంఘము ఏమి చేయవలెను?

ప్రార్థన

న్యాయమును ప్రేమించు ప్రభువా, పరులను కొలుచుటకు ఒక కొలతను, మమ్మును కొలుచుకొనుటకు మరియొక కొలతను ఉంచుకొనిన మా దోషమును క్షమించుము. చోటు లేనివారికి చోటిచ్చు హృదయమును మాకు దయచేయుము. దుఃఖించు బస్తర్ ప్రజలకు, ఏ పక్షమువారికైనను, నీ సమాధానము ననుగ్రహించుము. తల వాల్చుటకు స్థలము లేనివాడవై మా మధ్య నివసించిన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.